ఊరూ పేరూ

బుట్ట వచ్చింది, లేబుల్ రాలేదు. రైల్వే పార్శిల్ ఆఫీసులో ముప్పై మూడేళ్ళు గుమాస్తాగా చేసినవాణ్ణి, నా మాట నమ్మండి, ఇంతకు మించిన తలనొప్పి ఇంకోటి లేదు. బుట్టలో ఏముందో ముక్కే చెబుతుంది: బంగినపల్లి మామిడి. ఎంతుందో కాటా చెబుతుంది. ఎవరు పంపారు, ఏ స్టేషన్లో ఎక్కింది, ఎక్కడ దిగాలి అన్నది మాత్రం దారిలో ఎక్కడో చిరిగి ఎగిరిపోయిన ఆ అరచేయంత కాగితానికే తెలుసు. ఒక ఎండాకాలం అలాంటి బుట్ట నా బల్ల పక్కన నాలుగు రోజులు కూర్చుంది. ఐదో రోజుకి ప్లాట్‌ఫారం చివరనున్న టీకొట్టువాడు కూడా ముక్కు మూసుకున్నాడు. తప్పు నాది కాదు, మాట పడింది మాత్రం నేనే. ఏ స్టేషనని అడక్కండి, చెప్పను.

అప్పట్నుంచి ఒక అలవాటు చేసుకున్నాను. ఎవరు బుట్ట తెచ్చినా పైన ఒక లేబుల్ కట్టించి, అదే చిరునామా ఇంకో చీటీ మీద రాయించి లోపల కాయల మధ్య పెట్టించేవాణ్ణి. “సారుకి చాదస్తం” అని హమాలీలు నవ్వుకునేవాళ్ళు. నవ్వనీ అనుకున్నాను.

రిటైరయ్యాక కాలక్షేపానికి సైన్సు పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, మ్యూజియాల్లో బల్లుల్నీ పాముల్నీ సీసాల్లో దాచే పెద్దలదీ ఇదే చాదస్తమని. సీసా బయట అంటించిన చీటీని వాళ్ళు నమ్మరు. జిగురు ఎండుతుంది, చీటీ ఊడుతుంది, పక్క సీసా కింద పడుతుంది. అందుకని పెన్సిలుతోనో, స్పిరిట్‌కి చెరగని నల్లసిరాతోనో రాసి, జంతువుతోపాటు స్పిరిట్లోనే వేస్తారు. చిన్న జీవమైతే కాలికి దారంతో కడతారు. పురుగైతే సూదికి గుచ్చి, అదే సూదికి కింద గోరంత కాగితం గుచ్చుతారు. అందులో మూడే ముక్కలు: ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పట్టారు. దాని కింద ఇంకో కాగితం, అది ఏ పురుగో చెప్పేది. గమ్మత్తు చూడండి, పేరు రాసిన కాగితం అడుగున ఉంటుంది, ఊరు రాసిన కాగితం పైన. పేరు రేపు ఇంకొకాయన వచ్చి తప్పని కొట్టేసి మార్చొచ్చు. ఊరు తప్పిపోతే మళ్ళీ ఎవరూ రాయలేరు. ఆ ముక్క చదివిన రోజు నాకు ప్రమోషన్ వచ్చినంత సంబరమైంది.

ఇప్పుడీ కబురు ఎందుకెత్తానంటే, మొన్న ఆదివారం మా మనవరాలు ఫోను పట్టుకుని పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

“తాతా! కొత్త జీవి! ప్రపంచంలో ఎవ్వరూ చూడనిది!”

ఫొటో చూశాను. బొటనవేలంత లావు, జానెడు పొడుగు, నూనె రాసినట్టు మెరిసే ఒళ్ళు, పక్కలకి కుంకుమ పూసినట్టు ఎర్రటి పట్టీ. నలికిరి. జతకట్టే కాలంలో మగదానికి పక్కలు అలా ఎర్రబడతాయి. పెళ్ళికొడుకు ముస్తాబన్నమాట. ఆ సంగతి అప్పుడే చెప్పేస్తే పిల్ల ముఖం ముడుచుకుపోతుంది. అందుకని వేరే వైపు నుంచి వచ్చాను.

“ఎక్కడ చూశావే?”

“పెరట్లో.”

“పెరట్లో ఎక్కడ?”

“తులసికోట దగ్గర.”

“కోట మీదా, కిందా? ఎండలోనా, నీడలోనా? ఎన్నింటికి?”

“నేను జీవిని చూపిస్తుంటే నువ్వు ఊరు అడుగుతావేం తాతా!”

మరి అడగొద్దూ? మనవాళ్ళు ఎవణ్ణైనా తీసిపారేయాలంటే “ఊరూ పేరూ లేనివాడు” అంటారు. అందులోనూ ఊరే ముందు.

పేర్లు పెట్టే పద్ధతిని గట్టి చేసినాయన స్వీడన్ దేశపు కార్ల్ లిన్నేయస్. జంతువుల పేర్లకి 1758లో వచ్చిన ఆయన పుస్తకం పదో కూర్పు దగ్గర్నుంచే లెక్క. ప్రతి జీవికీ రెండు ముక్కల పేరు, ముందు ప్రజాతి, వెనక జాతి. బళ్ళో దీన్ని బట్టీ పట్టలేక ఏడ్చే పిల్లలకి నేను చెప్పేది ఒకటే: ఇది మన పద్ధతేరా! ముందు ఇంటిపేరు, ఆ తర్వాత పెట్టిన పేరు. ఇంగ్లీషువాళ్ళకి తిరగేసి ఉంటుంది కాబట్టి వాళ్ళు తడబడాలి గానీ మనకేం? పైగా మన ఇంటిపేర్లు చాలావరకు ఊళ్ళ పేర్లే. తాతముత్తాతలు ఎక్కణ్ణుంచి వచ్చారో అది ఇంటిపేరైంది. లిన్నేయస్ సంప్రదాయంలో ఊరు చాలాసార్లు రెండో ముక్కలో దూరుతుంది. అరకులో దొరికిన ఒక బక్కపల్చని బల్లికి 2019లో హెమీఫిల్లోడాక్టిలస్ అరకుయెన్సిస్ అని పేరు పెట్టారు. నోరు తిరగలేదని భయపడకండి. ఇంటిపేరు హెమీఫిల్లోడాక్టిలస్ వారు. లాటిన్లో చివర ‘ఎన్సిస్’ తగిలిస్తే ఫలానా చోటిది అని. దస్తావేజుల్లో “అరకు కాపురస్థుడు” అని రాయమూ, అదే. నాగార్జునకొండ కాపురస్థురాలైన నలికిరి కూడా ఒకటుంది. 1969లో దానికి నాగార్జునెన్సిస్ అని పెట్టారు.

ఈ ముక్క విన్నాక మా పిల్ల ఊరుకుంటుందా? “అయితే మనదానికి ద్రోణాచలెన్సిస్ అని పెడదాం!” మాది డోన్ లెండి, పాతకాలపువాళ్ళం ద్రోణాచలం అంటాం. పెట్టొచ్చు, కానీ కొత్తదని చెప్పడం నోటిమాటతో అయ్యే పని కాదు. ఇప్పటిదాకా పేర్లు పెట్టిన అన్నదమ్ములతో, దాయాదులతో దీన్ని పక్కన పెట్టి చూడాలి. బల్లి అయితే వేళ్ళ కింది పొరలు లెక్కపెట్టాలి, నలికిరి అయితే ఒంటి చుట్టూ ఎన్ని వరసల పొలుసులున్నాయో భూతద్దం కింద చూడాలి, ఇప్పుడైతే డీఎన్‌ఏ కూడా పోల్చాలి. అంతా అయ్యాక ఒక్క నమూనాని ఎంచి, ఈ పేరు దీనిదీ అని ముద్రవేసి మ్యూజియంలో పెట్టాలి. కొట్లో తూకంరాయి ఉంటుంది చూశారూ, గవర్నమెంటు ముద్రతో, అలాంటిదన్నమాట ఆ మూలనమూనా. రేపు ఎవరికి అనుమానమొచ్చినా దాని దగ్గరికే వెళ్ళి తేల్చుకోవాలి. మన దేశంలో ఇలాంటివి భద్రపరిచే పని ముఖ్యంగా కోల్‌కతాలో 1916లో మొదలైన జంతు సర్వేక్షణ సంస్థది. ఆ మూలనమూనా దొరికిన చోటుకీ శాస్త్రంలో ప్రత్యేక హోదా ఉంది. పుట్టినూరు సర్టిఫికెట్ లాంటిది అనుకోండి.

ఆ మాటకొస్తే మన ఊళ్ళూ మన మాటలూ ఈ పుస్తకాల్లోకి ఎక్కడం ఇవాళ్టి సంగతేం కాదు. 1780ల్లో పాట్రిక్ రసెల్ అని ఒక స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండేవాడు. రక్తపింజరిని ఇంగ్లీషులో ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన చేసిన గొప్ప పని, నా దృష్టిలో, పాముల్ని పోగెయ్యడం కాదు. పాము తెచ్చినవాణ్ణి “దీన్ని మీరేమంటారు” అని అడిగి, వాడు చెప్పింది చెవికి వినబడినట్టు రాసుకోవడం. పసుపూ నలుపూ పట్టీలున్న కట్లపాముని ఎవరో “బంగారం పాము” అన్నారు. ఆయన ‘బుంగారుం పామా’ అని రాసుకున్నాడు. 1803లో ఒక ఫ్రెంచి పండితుడు ఆ వంశం మొత్తానికీ బుంగారస్ అని ఇంటిపేరు పెట్టాడు. ఇవాళ ఆసియాలో ఏ మూల కట్లపాము దొరికినా దాని ఇంటిపేరు మన బంగారమే. అదే 1803లో రసెల్‌గారి చేపల పుస్తకం వచ్చింది, విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలు. అందులో ‘కనగుర్త’ అని ఒకటుంది. మీరు కానాగంతల పులుసు తిని ఉంటే మీకు దానితో పరిచయం ఉన్నట్టే, ఎందుకంటే దాని శాస్త్రీయ నామం ఈ రోజుకీ రాస్ట్రెల్లిగర్ కనగుర్త. ఇక పందికొక్కు సంగతి సరేసరి. ఇంగ్లీషులో బ్యాండికూట్ అయి, లాటిన్లో బ్యాండికోటా అయి, అక్కడితో ఆగక ఆస్ట్రేలియా వెళ్ళి, ఎలుకతో ఏ చుట్టరికమూ లేని సంచిజంతువుకి అంటుకుంది. వడ్లకొట్టులో కన్నం వేసుకుని బతికే జీవానికి అంత దూరప్రయాణం!

ప్రయాణమంటే జ్ఞాపకమొచ్చింది. అసలు కథ ఇప్పుడు చెబుతాను.

మా ఊరికి నైరుతిగా గుత్తి, తూర్పుగా నంద్యాల. 1899లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే రెజినాల్డ్ పోకాక్ అనే ఆయన ఒక సాలీడుకి పేరు పెట్టాడు: పోయిసిలోథీరియా మెటాలికా. ఒకే ఒక్క సాలీడు చూసి పెట్టిన పేరు. దొరికిన ఊరు గుత్తి. చోటు, రైల్వేవారి కలప యార్డు.

సాలీడంటే మన దేవుడిగూట్లో గూడల్లే పుల్లకాళ్ళది కాదు. కాళ్ళు చాపితే పెద్దమనిషి అరచేయి దాటిపోయేది. రంగేమో నెమలి మెడ నీలం, మధ్యలో పసుపు మచ్చలు, వీపు మీద తెల్లటి ముగ్గు. ఆ నీలం అద్దిన రంగు కాదు. దాని వెంట్రుకల్లో కంటికి ఆనని సన్నటి పొరలున్నాయి. వెలుతురు పడితే అవి నీలాన్ని మాత్రం వెనక్కి తిప్పికొడతాయి. సబ్బుబుడగ మీద ఇన్ని రంగులు కనబడతాయి, పగలగొట్టి చూస్తే చేతికి ఏ రంగైనా అంటుతుందా? నెమలి ఈకదీ ఇదే విద్య.

ఇంత అందమైనది గుత్తిలో ఉందంటే వెతకరూ? గుత్తి చూసినవాళ్ళకి తెలుసు, అక్కడ కోట, కోట కింద బండలు, బండల కింద ఇంకా బండలు, తుమ్మచెట్లు, ఎండ. ఈ సాలీడు కాపురం ముసలి చెట్ల తొర్రల్లో. పగలంతా తొర్రలో ముడుచుకుని, చీకటి పడ్డాక బయటికొచ్చి ఎగిరే పురుగుల్ని పట్టుకుని తింటుంది. తొర్రపడేంత వయసున్న చెట్టు కావాలంటే అడవి ఉండాలి కదా. ఒకటి కాదు రెండు కాదు, 102 ఏళ్ళు దాని అడ్రసు ఎవరికీ తెలియలేదు. చివరికి 2001లో నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో దొరికింది. గుత్తి నుంచి సుమారు 100 కిలోమీటర్లు.

రైల్వేవాణ్ణి కదా, ఈ సంగతి చదవగానే నాకంతా సినిమాలాగా కళ్ళముందు నడిచింది. ఆ నల్లమల కొండల్లోంచి పందొమ్మిదో శతాబ్దం చివర్లో మీటర్ గేజ్ లైను వేశారు. బొగద సొరంగం, దొరబావి వంతెన చూసినవాళ్ళు ఆ దారి మర్చిపోరు. వంతెన మీద ఇప్పుడు రైళ్ళు తిరగడం లేదనుకోండి, అది వేరే దిగులు. ఆ అడవిలో ఎవరో చెట్టు కొట్టారు. తొర్రలో నిద్రపోతున్న సాలీడు దుంగతోపాటు వ్యాగనెక్కింది. లైను వెంట కదిలి కదిలి యార్డులో దిగింది. దుంగలు దించేటప్పుడు నీలంగా ఏదో పాకింది, ఒక దొరగారి కంటబడింది, సీసాలో పడింది, ఓడెక్కింది. ఇదే జరిగిందని ఎవరూ చూసి రాయలేదు. అయితే శాస్త్రజ్ఞులు కూడా అది రైల్లో వచ్చిందనే అనుకుంటున్నారు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, దిగిన స్టేషన్ పేరు ఎక్కిన స్టేషన్ గడిలో పడింది.

లేబుల్ రాసినవాణ్ణి తిట్టకండి. ఆయన అబద్ధం రాయలేదు. ఉత్త ‘గుత్తి’ అని ఊరుకుంటే మనం ఇంకా బండల కింద వెతుకుతూ ఉండేవాళ్ళమేమో. ‘రైల్వే కలప యార్డు’ అన్న ముక్క మిగలబట్టే, అరె, కలప ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న పుట్టింది. చోటు రాసేటప్పుడు అక్కర్లేదనిపించే మాట ఒకటి ఎక్కువే రాయమని మా మనవరాలికి అందుకే చెప్పాను. ఏ చెట్టు, ఎంత ఎత్తు, ఎటువైపు. మొక్క అయితే పువ్వు రంగు కూడా అప్పుడే రాసుకోవాలి, ఎండబెట్టాక ఎర్రదీ ఊదాదీ ఒకే గోధుమరంగులోకి దిగిపోతాయి.

ఇంగ్లీషులో ఆ సాలీడుని నేటికీ గుత్తి పేరుతోనే పిలుస్తారు. పేరు గుత్తిది, కాపురం నల్లమలలో. మా ఇంటిపేరు ఊళ్ళో ఇప్పుడు మావాళ్ళు ఒక్కరూ లేరు, ఇదీ అంతే.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో పకపకా నవ్వినట్టు కూసే పిట్ట ఒకటుంది, కూకబుర్రా. దాని శాస్త్రీయ నామంలో న్యూగినీ ఉంది. న్యూగినీలో ఆ పిట్ట లేనే లేదు. పట్టుకొచ్చిన ఫ్రెంచాయన అక్కడిదని చెప్పాడు, వీళ్ళు నమ్మారు. స్పెయిన్, పోర్చుగల్ వైపు పూసే ఒక నీలిపువ్వుల దుంపమొక్కకి లిన్నేయస్ పెరూ దేశం పేరు పెట్టాడు. అది ‘పెరూ’ అనే ఓడలో వచ్చిందనీ, ఓడ పేరుని దేశం అనుకున్నారనీ చెబుతారు. మరి దిద్దకూడదా అంటే, కూడదు. ముందు పెట్టిన పేరే చెల్లుతుంది, అబద్ధపు ఊరు ఉన్నా సరే. నామకరణం రోజున బియ్యంలో రాసిన పేరు, ఇక అంతే.

“అయితే మనం డోన్, కర్నూలు జిల్లా అని రాద్దాం” అంది పిల్ల. అక్కడే ఉంది ఇంకో తిరకాసు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ డోన్ కర్నూలు జిల్లాయే. 2022లో నంద్యాల జిల్లా అయింది. ఊరు అంగుళం కదల్లేదు, చిరునామా మారిపోయింది. గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లా, ఆ తర్వాత ప్రకాశంలోకి వెళ్ళింది. పాత చీటీ మీద ‘కర్నూలు జిల్లా అడవులు’ అని ఉంటే ఇప్పుడు ఎక్కడికి వెళ్ళాలి? పైగా మన దగ్గర కొత్తపల్లెలు ఎన్ని! రెడ్డిపల్లెలు ఎన్ని! నా సర్వీసులో కొత్తపల్లికి వెళ్ళాల్సిన కుట్టుమిషను ఇంకో కొత్తపల్లికి వెళ్ళి, నెల తర్వాత తిరిగొచ్చింది. ఇంకొకళ్ళ పెళ్ళిబట్టలు కూడా కుట్టేసి ఉంటుంది.

అందుకే అక్షాంశం, రేఖాంశం. మా డోన్ సుమారుగా 15.4 ఉత్తరం, 77.9 తూర్పు. ఏ ప్రభుత్వం వచ్చినా ఈ అంకెలు మార్చలేదు. ఒక డిగ్రీ అక్షాంశం అంటే నేల మీద 111 కిలోమీటర్లు. చుక్క తర్వాత ఒక్క అంకె రాస్తే 11 కిలోమీటర్ల దాకా తేలుతుంది, అంటే ఊరు తెలుస్తుంది. రెండు రాస్తే కిలోమీటరు, పేట. నాలుగు రాస్తే 11 మీటర్లు, మా పెరడు. ఫోను అయితే ఆరేడు అంకెలు చూపించి మిడిసిపడుతుంది. అంత నమ్మకండి, చెట్లకింద అది పది ఇరవై మీటర్లు అటూ ఇటూ తడబడుతుంది. తులసికోట మీదా కిందా అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పదు. అది పిల్ల కళ్ళతో చూసి చేత్తో రాయాలి.

ఊరు రాయడానికి ఇన్ని తంటాలు పడుతుంటే, మనవాళ్ళు ఒక పిట్ట విషయంలో ఆ పని ఒక్క మాటతో చేసేశారు. కలివికోడి. కలివి అంటే ఆ ముళ్ళపొద, నల్లటి పుల్లపుల్లటి పళ్ళు కాసేది, కొన్నిచోట్ల వాక్కాయ అంటారు దాని జాతినే. ఆ పొదల మధ్య తిరిగే కోడి కాబట్టి కలివికోడి. పేరులోనే చిరునామా! శాస్త్రంవాళ్ళు మాత్రం 1848లో దానికి పేరు పెట్టి, జెర్డన్‌గారి కోర్సర్ అన్నారు. థామస్ జెర్డన్ సైన్యంలో డాక్టరు. పెన్నా, గోదావరి పరీవాహకాల్లో అప్పుడప్పుడూ కనబడింది. 1900 తర్వాత కనబడటం మానేసింది. పుస్తకాల్లో అంతరించిన పిట్టల వరుసలో చేర్చేశారు. బైనాక్యులర్లు పట్టుకుని పెద్దపెద్దవాళ్ళే వెతికారు, దొరకలేదు. ఎందుకు దొరుకుతుంది? అది రాత్రి తిరిగే పిట్ట, వీళ్ళు వెతికింది పగలు. 1980ల్లో బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి పల్లెల్లో బొమ్మ చూపించి అడగడం మొదలుపెట్టాడు. అడవిలో వేటకి తిరిగేవాళ్ళకి ఆ పిట్ట తెలుసు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఒకాయన రాత్రి టార్చిలైటు వేసి దాన్ని పట్టేశాడు. శాస్త్రానికి 86 ఏళ్ళు కనబడని పిట్ట, టార్చి ఉన్నవాడికి దొరికింది. ఆ కబురు విని, ఎనభై తొమ్మిదేళ్ళ సలీం అలీ కడప వచ్చారు.

ఆ తర్వాత దాన్ని లెక్కపెట్టడానికి వేసిన ఉపాయం నాకు భలే నచ్చింది. పొదల మధ్య కాలిబాటల్లా నేల చదును చేసి, జల్లించిన మెత్తటి మట్టి పరిచారు. పొద్దున్నే వెళ్ళి అడుగుజాడలు చూడటం. కృష్ణాష్టమికి మనం గుమ్మంలోంచి చిన్ని పాదాలు వేసి, కృష్ణుడు వచ్చాడంటాం చూడండి. ఈ కోడికి మూడే వేళ్ళు, వెనకవేలు లేదు.

చోటు కచ్చితంగా తెలియడం వల్ల ఏమైందో చూడండి. ఆ పిట్ట కోసమే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా పోతుందని తేలాక, కాలువ దారి మార్చారు. కాలువకి వంపు తెప్పించింది ఒక చిన్న పిట్ట చిరునామా. ఇంకో ముచ్చట: 2013లో స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయం మ్యూజియంలో పాత గుడ్ల పెట్టెలు సర్దుతుంటే ఈ పిట్ట గుడ్డు ఒకటి బయటపడింది. 1917 నాటిది. కోలార్ బంగారుగనుల దగ్గర పశువైద్యుడిగా ఉన్న ఒక దొర సేకరణలోది. మా బుట్టకి ఆ భాగ్యం లేకపోయింది గానీ, గుడ్డు వెంట దాని కథ మిగిలింది.

ఇంతసేపూ ఊరు రాయండి, ఊరు రాయండి అని మీ చెవిలో జోరీగలా రొదపెట్టాను. ఇప్పుడు నేనే ఇంకో మాట అంటాను, ఊరు దాచండి.

ఇండోనేషియాలో రోటీ అని చిన్న ద్వీపం ఉంది. అక్కడి పాముమెడ తాబేలు వేరే జాతి అని 1994లో లోకానికి తెలిసింది. పేరూ ఊరూ అచ్చయ్యాయి. అది చదివినవాళ్ళలో శాస్త్రజ్ఞులే కాదు, వింత జంతువుల్ని కొనే షోకిల్లాలూ, వాళ్ళకి అమ్మే వ్యాపారులూ ఉన్నారు. కొన్నేళ్ళలోనే ఆ తాబేలు అడవిలో దాదాపు కనబడకుండా పోయింది. మన గుత్తి సాలీడుకీ విదేశాల్లో గాజుపెట్టెల్లో పెంచుకునే గిరాకీ ఉంది. అది బతికే అడవి మొత్తం కలిపినా 100 చదరపు కిలోమీటర్లు లేదు, అదీ గొడ్డలి దెబ్బలు తింటూ ఉన్న అడవి. 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల పట్టీలో చేర్చారు. అందుకే ఇప్పుడు కొత్త జాతిని ప్రకటించేటప్పుడు కొందరు జిల్లా దాకా చెప్పి ఊరుకుంటున్నారు. మామూలు జనం ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్‌లో కూడా, ప్రమాదంలో ఉన్న జీవి అయితే అసలు చోటు కనబడనివ్వరు. అటూ ఇటూ ఇరవై కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఒక చుక్క పెట్టి చూపిస్తారు. అసలు అంకెలు లోపల భద్రంగా ఉంటాయి.

నాకిది కొత్తేం కాదు. విలువైన పార్శిల్ వస్తే రిజిస్టర్లో పూర్తి వివరాలు రాసేవాణ్ణి. ప్లాట్‌ఫారం మీద మాత్రం “ఫలానావారి వెండిసామాను వచ్చిందహో” అని అరిచేవాణ్ణి కాదు. ఆ తేడా తెలియక, ఈమధ్య అడవికి వెళ్ళినవాళ్ళు పిట్ట గూడు కనబడితే ఫొటోతోపాటు దారి మ్యాపు కూడా ఫేస్‌బుక్కులో పెట్టేస్తున్నారు. నాకు ఒళ్ళు మండుతుంది.

“మన నలికిరి ఊరు దాచాలా తాతా?” అంది మనవరాలు.

ఇక తప్పదని అసలు సంగతి చెప్పాను. కొత్తది కాదమ్మా, మన దేశంలో చాలాచోట్ల ఉండేదే, పెళ్ళికొడుకు వేషంలో ఉంది. దాచక్కర్లేదు. పిల్ల కాసేపు మూతి ముడిచింది. ఇప్పటిదాకా మనుషులు పేరు పెట్టిన జీవరాశులు సుమారు 20 లక్షలనీ, మొత్తం 87 లక్షలుండొచ్చని 2011లో ఒక అంచనా వచ్చిందనీ, అంటే పేరులేనివే ఎక్కువనీ చెప్పాను. మిగిలిన వాటిలో ఒక్కటైనా మన పెరట్లో ఉండకపోతుందా అని అడిగింది. పురుగుల్లో చూడు, అక్కడ ఆశ ఎక్కువ అన్నాను.

ఆమె నోటుపుస్తకం తెచ్చుకుంది. పాత క్యాలెండరు అట్ట వేసిన పుస్తకం. నేను చెబుతుంటే కాదు, తనే రాసింది: “నలికిరి, మగది, పక్కలు ఎరుపు. తులసికోటకి తూర్పు వైపు, పగిలిన ఇటుక మీద. ఎండలో. ఉదయం తొమ్మిదీ పది. నన్ను చూసి ఇటుక కిందికి దూరింది. చూసినవాళ్ళు: నేను, పిల్లి.”

“పిల్లి ఎందుకే?”

“అక్కర్లేదనిపించే మాట ఒకటి ఎక్కువ రాయమన్నావుగా.”

నోరు మూసుకున్నాను. కింద ఊరి పేరు రాస్తుంటే మాత్రం ఉండబట్టలేక, “తాలూకా కూడా రాయి” అన్నాను.

“తాలూకాలు ఎప్పుడో పోయాయి తాతా. మండలం అనాలి” అని, అంకెలు చూసుకోవడానికి నా ఫోను లాక్కుంది.